కొనేవారు, అమ్మేవారు, మధ్యలో ఒక కమాండ్ పెట్టె

(స్థిరాస్తి మధ్యవర్తులు, సాఫ్ట్‌వేర్ విద్యార్థులు కలిసి పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ హాలులో ఒక వైపు స్థిరాస్తి మధ్యవర్తిత్వమే జీవనాధారంగా ఉన్నవారు, మరొక వైపు జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న విద్యార్థులు కూర్చున్నారు. ఒకరి వాడుక మరొకరికి కొంత కొత్తగా ఉంటుంది. అందువల్ల ప్రోగ్రామింగ్ మాటలు వచ్చినప్పుడు మధ్యవర్తి మిత్రులూ, లింకు డాక్యుమెంట్ల (ఆస్తి ఇప్పటి యజమానికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజుల) సంగతి వచ్చినప్పుడు విద్యార్థులూ కొంచెం ఓపిక పట్టాలని కోరుతున్నాను. కొనేవారి వివరాలను, అమ్మకానికి వచ్చిన ఆస్తుల వివరాలను ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాములో పెట్టుకుని, మౌస్‌తో బటన్లు నొక్కే పని లేకుండా ఒక్కొక్క వరుస కమాండ్, అంటే ప్రోగ్రాముకు ఇచ్చే ఆజ్ఞ, టైపు చేస్తూ ఆ వివరాలను నడిపించడం ఎలాగో, అది ఎవరికి పనికివస్తుందో, ఎవరికి పనికిరాదో చెప్పడమే ఈ పూట నా పని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మధ్యవర్తి పుస్తకంలో పేర్లు ఉంటాయి, ఆస్తులు ఉంటాయి. కానీ ఆయనకు అన్నం పెట్టేది ఆ రెంటి మధ్య ఉన్న సంబంధం. ఎవరికి ఏది కావాలి, ఎవరికి ఏది చూపించాం, ఏది ఎవరి ద్వారా మన దగ్గరకు వచ్చింది అన్నవే అసలు సమాచారం. ఈ సంబంధాలను నమోదు చేయలేని ప్రోగ్రాము ఎంత అందంగా ఉన్నా ఫోనులోని కాంటాక్టుల జాబితాకన్నా ఎక్కువేమీ చేయదు. కమాండ్లతో నడిచే పద్ధతిని నేను ఇష్టపడటానికి కారణం కూడా ఇదే: సంబంధాన్ని ఒక్క వరుసలో రాయగలగడం.

ఈ తరహా ప్రోగ్రాములకు నాకు బాగా తెలిసిన ఉదాహరణ సింగపూర్‌లో ఉంది. నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ నేర్పడానికి అడ్రస్‌బుక్ లెవెల్-3 అనే జావా ప్రోగ్రామును వాడతారు; మనుషుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు దాచుకునే పుస్తకం వంటిది అది. విద్యార్థులు దానిని ఏబీ-3 అని పిలుస్తారు. కోడ్ సుమారు 6 వేల వరుసలు మాత్రమే. ఎంఐటీ లైసెన్సు కింద విడుదలైంది కనుక ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక ప్రత్యేకమైన వృత్తివారిని ఎంచుకుని, ఆ వృత్తికి తగినట్టు దీనిని మలుస్తారు. అలా ఎంచుకునే వృత్తులలో స్థిరాస్తి ఏజెంటు వృత్తి ఒకటి. వారికి పెట్టే నిబంధనలు ఆసక్తికరమైనవి. ప్రోగ్రాము వేగంగా టైపు చేయగలిగినవారి కోసం ఉండాలి, ఒక్కరే వాడేదిగా ఉండాలి, ఇన్‌స్టాలర్ లేకుండా నడవాలి, దూరాన ఉన్న సర్వరుమీద ఆధారపడకూడదు, డేటాబేస్ సాఫ్ట్‌వేరు వాడకుండా మనిషి తెరిచి చదివి సరిదిద్దుకోగలిగిన ఫైలులోనే సమాచారం దాచాలి. ఇవి పాఠం చెప్పే సౌకర్యం కోసం పెట్టిన నిబంధనలే అయినా, మన చిన్న ఊళ్ళలో ఒక గది, ఒక కంప్యూటరు, వచ్చీ పోయే ఇంటర్నెట్టు ఉన్న మధ్యవర్తి కార్యాలయానికి ఆశ్చర్యం కలిగించేంతగా సరిపోతాయి.

ఏబీ-3 తెరమీద పైన ఒక టైపు పెట్టె, దాని కింద సమాధానం కనిపించే చోటు, ఆ కింద జాబితా ఉంటాయి. మొదట కమాండ్ పేరు, ఆ తరువాత ఒక్కొక్క వివరానికి ఒక చిన్న గుర్తు, గుర్తు పక్కన గీత, గీత పక్కన విలువ. దానిని మన పనికి మార్చి తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "కొను పేరు/సుబ్బారావు ఊరు/మంగళగిరి రకం/స్థలం విస్తీర్ణం/200గజాలు ధర/60ల". 60ల అంటే అరవై లక్షలు. ఎంటర్ నొక్కగానే సుబ్బారావుగారు జాబితాలో చేరిపోతారు. "వెతుకు మంగళగిరి" అంటే ఆ ఊరివి మాత్రమే మిగులుతాయి. "తొలగించు 2" అంటే తెరమీద రెండో వరుసలో ఉన్నది పోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రెండు అన్న అంకె అప్పుడు తెరమీద కనిపిస్తున్న జాబితాకు సంబంధించినది. వెతికిన తరువాత జాబితా మారితే అంకెలూ మారతాయి. పాత అంకె మనసులో పెట్టుకుని టైపు చేస్తే వేరొకరి వివరాలు పోవచ్చు. అందుకే మన ప్రోగ్రాములో ప్రతి ఆస్తికి, ప్రతి గిరాకీకి ఎన్నటికీ మారని ఒక సంఖ్య కూడా ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

బటన్లు, ఫారాలు ఉన్న ప్రోగ్రాముకన్నా ఇది ఎందులో మేలు? వేగం అని అందరూ చెబుతారు. అది నిజమే, కానీ నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. గిరాకీ ఫోనులో మాట్లాడేటప్పుడు మన ఫారం వరుసలో మాట్లాడడు. "మాకు తూర్పు ముఖమే కావాలండీ, అరవై దాటకూడదు, మా బావమరిది మీ నంబరు ఇచ్చాడు, ఊరికి మరీ దూరం వద్దు" అంటాడు. ఫారంలో మొదటి గడి పేరు. ఆయన పేరు చివరలో గాని చెప్పడు. కమాండులో గుర్తులు ఏ వరుసలోనైనా రావచ్చు, ఏబీ-3లోనూ అంతే. ఆయన చెప్పిన వరుసలోనే మనం టైపు చేసుకుంటూ పోయి, చివరకు పేరు అడిగి ఎంటర్ నొక్కవచ్చు. మన ప్రోగ్రాములో చెప్పనివి ఖాళీగా ఉండిపోతాయి. మాట్లాడే వేగంతో సమానంగా నడిచే రాత ఇది. అయితే దీనికి ఒక షరతు ఉంది: చేతికి టైపింగు రావాలి. రెండు వేళ్ళతో అక్షరాలు వెతుక్కునేవారికి ఫారమే నయం.

ఇక్కడ తెలుగు కీబోర్డు సంగతి వస్తుంది. కమాండ్ ఇంగ్లీషులో, విలువ తెలుగులో ఉంటే ప్రతి వరుసకూ నాలుగైదు సార్లు కీబోర్డు మార్చాలి. ఆ మార్పులోనే వేగం అంతా పోతుంది. అన్నీ రోమన్ అక్షరాలలో ఉంచడం ఒక దారి; మన కార్యాలయాలలో చాలామంది పేర్లు అలాగే రాసుకుంటారు. అన్నీ తెలుగులో ఉంచడం మరొక దారి. నా సలహా ఏమిటంటే, ప్రతి కమాండుకూ ప్రతి గుర్తుకూ రెండు లిపులలోనూ రూపం ఉంచి, వాడేవారికి అలవాటైన లిపిని అడ్డు లేకుండా ఒప్పుకోవాలి. విద్యార్థులకు ఇది ఒక చిన్న పట్టిక పని మాత్రమే.

అసలు చిక్కు విలువలలో ఉంది. ఏబీ-3ని అలాగే తెచ్చి తెలుగు పేరు టైపు చేస్తే అది ఒప్పుకోదు. పేరులో ఏ అక్షరాలు ఉండవచ్చో చెప్పే నియమం అందులో రోమన్ అక్షరాలకు, అంకెలకు, ఖాళీలకు మాత్రమే పరిమితమై ఉంది. జావాలో ఆ నియమం మామూలుగా ఇతర లిపులను లెక్కలోకి తీసుకోదు. యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటరు వాడే సంకేతాల పట్టిక) అక్షరాలన్నింటినీ ఒప్పుకోమని మార్చినా సమస్య తీరదు. గుణింతపు గుర్తులు చాలావరకు అక్షరాలుగానే లెక్కకు వస్తాయి, కానీ పొల్లు గుర్తు రాదు. తెలుగు యూనికోడ్‌లో ప్రతి ఒత్తు వెనుకా పొల్లు ఉంటుంది. అంటే "సీత" అన్న పేరు లోపలికి వెళుతుంది, "కృష్ణ" బయటే నిలబడిపోతుంది. విద్యార్థులు తమ పరీక్షలలో ఒత్తులున్న పేర్లు పెట్టకపోతే ఈ దోషం అమ్మకానికి వెళ్ళేదాకా బయటపడదు. ఇంకొక సంగతి. సింగపూర్‌లో భారత సంతతివారి అధికారిక పేర్లలో కుమారుడు అన్న అర్థంతో ఎస్, ఓ అక్షరాల మధ్య ఏటవాలు గీత పెట్టి రాయడం ఉంది. ఆ గీత కూడా నియమానికి అడ్డు పడుతుంది. పేరు విషయంలో ప్రోగ్రాము పెత్తనం తగ్గించుకోవాలి. ఖాళీగా లేకపోతే చాలు, మిగిలినది వాడేవారి ఇష్టానికి వదిలేయాలి.

వెతకడంలోనూ ఇలాంటిదే ఉంది. ఏబీ-3 పూర్తి పదం కలిస్తేనే చూపిస్తుంది. "వెంకట" అని టైపు చేస్తే "వెంకటేశ్వర్లు" రాడు. "మియాపూర్" అని వెతికితే, ఎవరో వివరణలో "మియాపూర్‌లో" అని రాసినది దొరకదు. పైగా ఆ పదంలో పొల్లు తరువాత ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. అది ఒక చోట ఉండి మరొక చోట లేకపోతే, చూడటానికి ఒకేలా ఉన్న పేర్లు కంప్యూటరుకు వేరువేరు అవుతాయి. వెతికే ముందు రెండు వైపులనుంచీ ఆ గుర్తును తీసేసి, పదంలో కొంత భాగం కలిసినా చూపించడం మన భాషకు తప్పనిసరి. అన్నింటికన్నా నమ్మదగిన వెతుకులాట ఫోను నంబరుతోనే. ఇంతకూ ఏబీ-3లో ఒకే పేరుతో ఇద్దరిని చేర్చనివ్వరు. మన మండలంలో ఎంతమంది శ్రీనివాసరావులు ఉంటారో ఇక్కడ కూర్చున్న మధ్యవర్తులను అడగండి. ఒకరా ఇద్దరా అని తేల్చడానికి ఫోను నంబరును చూడాలి. పేరు కలిస్తే హెచ్చరిక ఇచ్చి ఊరుకోవాలి.

చిరునామా దగ్గరకు వచ్చేసరికి సింగపూర్‌కూ మనకూ తేడా ఇంకా పెద్దది. అక్కడ ఆరంకెల పోస్టల్ కోడ్ దాదాపు ఒక్కొక్క భవనానికి ఒక్కొక్కటి. ఆ కోడ్, ఇంటి యూనిట్ నంబరు రాస్తే ఆస్తి ఏదో తేలిపోతుంది. మన ఆరంకెల పిన్ కోడ్ ఒక తపాలా కార్యాలయం పరిధిని చెబుతుంది, అంతకు మించి చెప్పదు. మన దగ్గర ఆస్తి గుర్తింపు కనీసం మూడు రకాలు. వ్యవసాయ భూమికి జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, దాని ఉపవిభాగం. లేఅవుట్లోని స్థలానికి లేఅవుట్ అనుమతి నంబరు, ప్లాట్ నంబరు. అపార్టుమెంటులోని ఇంటికి ప్రాజెక్టు, బ్లాకు, ఫ్లాట్ నంబరు. ప్లాటుకూ ఫ్లాటుకూ ఒక్క అక్షరమే తేడా కనుక, చేయి జారినప్పుడు భూమి ఇల్లై కూర్చోకుండా నేను మొదటిదానికి "స్థలం" అనే గుర్తే వాడతాను. ఈ మూడింటినీ ఒకే చిరునామా గడిలో కుక్కితే తరువాత వెతకడం అసాధ్యమవుతుంది.

సర్వే నంబరులోని ఉపవిభాగాల సంగతి విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. తెలంగాణలో 45/అ/2, 45/ఆ అన్న తరహా నంబర్లు మామూలే. మన కమాండులోనూ గుర్తు పక్కన అదే ఏటవాలు గీత. ఏబీ-3 చేసిన మంచి పని ఏమిటంటే, గుర్తుకు ముందు ఖాళీ ఉంటేనే దానిని గుర్తుగా భావిస్తుంది. కాబట్టి 45/అ/2 అని కలిపి రాసినంతకాలం ఇబ్బంది లేదు. కానీ డాక్యుమెంటులో ఉన్నట్టు 45 తరువాత ఖాళీ వదిలి అ/2 అని రాశారనుకోండి. అ/ అన్నది మన ప్రోగ్రాములో ఏదో వివరానికి గుర్తై ఉంటే సర్వే నంబరు రెండు ముక్కలై, రెండో ముక్క వేరే గడిలోకి పోతుంది. దీనికి పరిష్కారం సులువు. ఒంటరి అచ్చులను గుర్తులుగా వాడకూడదు. "పేరు/", "ఊరు/", "ధర/" వంటి నిండు మాటలే గుర్తులుగా ఉంచితే రెండు అక్షరాలు ఎక్కువ టైపు చేయవలసి వచ్చినా తప్పుకు తావుండదు.

విస్తీర్ణం సంగతి చెప్పాలంటే ఒక పూట కావాలి, తొందరగా ముగిస్తాను. ఎకరానికి 4840 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు కనుక గుంట 121 గజాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు కనుక సెంటు 48.4 గజాలు. గజానికి 9 చదరపు అడుగులు. అంకణం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది; దానిని వాడే జిల్లాలో ప్రోగ్రామును అమర్చేటప్పుడు స్థానిక లెక్క అడిగి పెట్టాలి. యజమాని ఏ కొలతలో చెప్పాడో ఆ మాటనూ దాచాలి, లెక్క కోసం లోపల అంతటినీ ఒకే కొలతలోకీ మార్చుకోవాలి. ఐదు సెంట్లు అన్న మనిషికి 242 గజాలు అని చూపిస్తే ఆయన తన స్థలాన్ని తానే గుర్తుపట్టడు. ఫ్లాటుకు వచ్చేసరికి కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల), బిల్టప్ ఏరియా (గోడలతో కలిపి), కామన్ ఏరియా (మెట్ల వంటి ఉమ్మడి చోటు) కలిపిన లెక్క మూడూ వేరు. ఏది చెప్పారో రాయకుండా అంకె ఒక్కటే రాస్తే ఆ అంకెకు అర్థం లేదు. ధర కూడా అంతే. గజం ధరా, మొత్తం ధరా? "ధర/30వే/గజం" అన్నా, "ధర/60ల" అన్నా ప్రోగ్రాము అర్థం చేసుకోవాలి. 200 గజాలకు అవి రెండూ ఒకటే అని తానే తేల్చుకోవాలి.

ఇక మొదట చెప్పిన సంబంధాల దగ్గరకు వస్తున్నాను. ఏబీ-3లో మనిషికి ట్యాగ్, అంటే చిన్న చీటీ లాంటి మాట, తగిలించే సౌకర్యం ఉంది. దానిని చూడగానే కొనేవారికి ఒక ట్యాగ్, అమ్మేవారికి ఒక ట్యాగ్ పెడితే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. కూకట్‌పల్లిలో ఫ్లాటు అమ్మి తెల్లాపూర్‌లో ఇల్లు కొనాలనుకునే కుటుంబం ఏకకాలంలో అమ్మేదీ, కొనేదీ. పైగా ఫ్లాటు అమ్ముడైతే గాని ఇల్లు కొనడానికి డబ్బు లేదు. సింగపూర్‌లోనూ ప్రభుత్వ గృహాల నుంచి కాండోమినియంలకు (ప్రైవేటు అపార్టుమెంట్లకు) మారే కుటుంబాలకు ఇదే చిక్కు. కనుక మనిషి ఒక నమోదు, ఆయన కోరిక వేరొక నమోదు, ఆయన అమ్మే ఆస్తి ఇంకొక నమోదు కావాలి. "కోరిక 14" అన్నది సుబ్బారావుగారిది. ఆయనకే పిల్ల పెళ్ళి తరువాత వేరొక కోరిక రావచ్చు. మొదటిది మూసివేసినా మనిషి అలాగే ఉంటాడు.

ఇలా విడదీసిన తరువాత ప్రోగ్రాములోకెల్లా ముఖ్యమైన కమాండ్ రాయవచ్చు. దానిని నేను "సరి" అంటాను. "సరి 14" అని టైపు చేస్తే పద్నాలుగో కోరికకు సరిపోయే ఆస్తులు రావాలి. విద్యార్థులు ఇక్కడ చేసే తొందరపాటు ఏమిటంటే, అన్ని షరతులూ అక్షరాలా కలిసినవి మాత్రమే చూపించడం. అలా చేస్తే చాలాసార్లు తెర ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే బేరం అన్నది షరతులు కొంచెం కొంచెం సడలడం వల్లనే కుదురుతుంది. అరవై లక్షలన్న మనిషి అరవై నాలుగు వరకు రావచ్చు; ఆ ఊరే అన్నవాడు పక్క ఊరు చూడవచ్చు. కానీ కొన్ని సడలవు. బ్యాంకు రుణం మీద ఆధారపడి కొనేవారికి అనుమతి లేని లేఅవుట్లోని స్థలం ఎంత చవకగా వచ్చినా పనికిరాదు, బ్యాంకు ఒప్పుకోదు. కొన్ని ఇళ్ళలో తూర్పు ముఖం విషయంలో రాజీ ఉండదు. అందుకని సడలని షరతు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టే పద్ధతి నాకు నచ్చింది: "ముఖం/తూర్పు!" అంటే తప్పనిసరి, ఆ గుర్తు లేకపోతే ఉంటే మంచిది అని అర్థం. అప్పుడు ప్రోగ్రాము తప్పనిసరి షరతులతో వడపోసి, మిగిలినవాటిలో ఎంత దూరం ఉందో ఆ వరుసలో పేర్చి, ప్రతి ఆస్తి పక్కనా తేడా ఏమిటో ఒక్క మాటలో చెప్పాలి. "ధర 4 లక్షలు ఎక్కువ, మిగిలినవి సరి" అన్న ఒక్క వరుస చూస్తే మధ్యవర్తికి ఎవరికి ఫోను చేయాలో తెలిసిపోతుంది. ఆ ఫోనులో ఏం మాట్లాడాలన్నది ఆయన నేర్పు. అందులో ప్రోగ్రాము తలదూర్చకూడదు.

ఎదురు దిశలో కూడా ఈ కమాండ్ ఉండాలి. కొత్త ఆస్తి వచ్చిన ఉదయం "ఎవరికి 52" అని అడిగితే ఆ ఆస్తి నచ్చగల కోరికలు వరుసగా రావాలి. నా లెక్క ప్రకారం మధ్యవర్తి రోజుకు ఎక్కువసార్లు వాడేది ఇదే అవుతుంది.

మరొక కమాండ్ "చూపించాం". "చూపించాం 14 52" అంటే పద్నాలుగో కోరికవారికి యాభై రెండో ఆస్తి ఈ రోజు చూపించామని. ఇది ఎందుకంటారేమో. కమిషన్ తగాదాలలో మొదటి ప్రశ్న ఎప్పుడూ "ముందు చూపించింది ఎవరు" అన్నదే. ఆరు నెలల తరువాత గిరాకీ నేరుగా యజమాని దగ్గరకు వెళ్ళి కొనుక్కుంటే, తేదీతో ఉన్న ఒక్క వరుస మాట్లాడటానికి ఆధారం అవుతుంది. కోర్టులో నిలుస్తుందని నేను అనడం లేదు. పెద్దమనుషుల దగ్గర నిలుస్తుంది. అంతేకాదు, చూపించి కాదనిపించుకున్న ఆస్తినే మళ్ళీ అదే మనిషికి చూపించి మొహం పోగొట్టుకోకుండా కాపాడుతుంది.

ఇక "ద్వారా". మన దగ్గర ఆస్తి యజమాని నుంచి నేరుగా మధ్యవర్తికి వచ్చేది తక్కువ. యజమానికి తెలిసిన ఊరి మనిషి, ఆయనకు తెలిసిన మరొక మధ్యవర్తి, ఆయన నుంచి మనం. కొనే వైపూ అలాగే మరో ఇద్దరు ఉండవచ్చు. కమిషన్ ఈ గొలుసు పొడవునా పంచాలి. సింగపూర్‌లో ఏజెంటు ఒకే లావాదేవీలో కొనేవారికీ అమ్మేవారికీ ఇద్దరికీ ప్రతినిధిగా ఉండటం నిషిద్ధం. అక్కడ 2010లో వచ్చిన ఎస్టేట్ ఏజెంట్ల చట్టం కింద ఏర్పడిన మండలి దగ్గర ప్రతి ఏజెంటు పేరూ నమోదై, ప్రజలు చూసుకునేలా ఉంటుంది. అందువల్ల అక్కడి పద్ధతికి రాసిన ప్రోగ్రాములో ఒక లావాదేవీకి ఒక ఏజెంటు, ఒక వైపు అని అనుకున్నా ఫరవాలేదు. మన దగ్గర రెండు వైపులా కమిషన్ తీసుకోవడం వాడుకలో ఉంది. కాబట్టి ఇక్కడ ప్రతి ఆస్తికీ, ప్రతి కోరికకూ "ద్వారా/" అనే గుర్తు ఒకటికన్నా ఎక్కువసార్లు రాయనివ్వాలి, ఆ రాసిన వరుసనూ దాచాలి. లావాదేవీ ముగిసినప్పుడు ఎవరికి ఎంత అన్న మాట ముందే రాసి ఉంటే స్నేహాలు నిలుస్తాయి.

చట్టం విషయానికి వద్దాం. 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు మించిన స్థలంలో గాని, 8కి మించిన ఇళ్ళతో గాని వేసే ప్రాజెక్టులు నమోదు కావాలి. అటువంటి ప్రాజెక్టులోని ఆస్తిని అమ్మించే ఏజెంటు కూడా 9వ సెక్షన్ కింద నమోదు చేసుకుని, తన నమోదు సంఖ్యను ప్రతి అమ్మకంలోనూ చూపాలి. నమోదు కాని ప్రాజెక్టులోని ఆస్తిని అమ్మించకూడదనీ, లెక్కలూ రికార్డులూ భద్రపరచాలనీ 10వ సెక్షన్ చెబుతుంది. ఈ నియమాలను మీరితే ఏజెంటుకు రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు. దీనిని ప్రోగ్రాములో ఎలా పెట్టాలి? ఆస్తి ప్రాజెక్టులోనిది అని రాసినప్పుడు "రెరా/" విలువ లేకపోతే, నమోదు చేయనివ్వవచ్చు గాని "సరి" ఫలితాలలోకి మాత్రం రానివ్వకూడదు. పొరపాటున పంపే అవకాశమే ఉండదు. ఎవరో ఒకరు అమ్ముకునే పాత ఇంటికి ఈ అడ్డు అక్కరలేదు, కనుక రకాన్ని బట్టి నియమం మారాలి.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్న భూమికి రిజిస్ట్రేషను జరగదు. అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూముల) బదిలీకి 1977 నాటి చట్టం నుంచీ ఆంక్షలు ఉన్నాయి. మన డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు ఈ జాబితాలు తెలియవు, తెలుసునని నటించకూడదు. అది చేయగలిగింది ఒక్కటే: ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఎప్పుడు తీశాం, నిషేధిత జాబితా ఎప్పుడు చూశాం అన్న తేదీలు దాచి, ఆ తేదీ పాతబడితే జాబితాలో ఎర్రగా చూపించడం. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పోర్టళ్ళు మారుతూనే ఉంటాయి. వాటికి ప్రోగ్రామును ముడిపెట్టకుండా మనిషి చూసి తేదీ రాయడమే మన్నికైన పద్ధతి అని నా అభిప్రాయం.

భద్రత గురించి కొన్ని మాటలు. ఏబీ-3 ప్రతి కమాండ్ తరువాత సమాచారమంతా జేసన్ అనే అక్షరరూప పద్ధతిలో ఉన్న ఒక ఫైలులో తానే దాచుకుంటుంది. సేవ్ బటన్ అక్కరలేదు. కానీ ఎవరైనా ఆ ఫైలు తెరిచి చేత్తో మార్చి ఒక కామా పోగొడితే, తరువాతిసారి ప్రోగ్రాము ఖాళీ జాబితాతో మొదలవుతుంది. ఆ ఖాళీ మీద ఒక కొత్త పేరు చేర్చగానే పాతదంతా చెరిగిపోతుంది. మధ్యవర్తి కార్యాలయంలో ఇది ఒప్పుకోదగినది కాదు. పాడైన ఫైలును వేరే పేరుతో పక్కన పెట్టి, ఆ మాట తెరమీద చెప్పి, అప్పుడే ముందుకు వెళ్ళాలి. రోజుకొక నకలు తారీకుతో దాచాలి. అలాగే అంతా చెరిపేసే "క్లియర్" కమాండ్ ఏబీ-3లో మళ్ళీ అడగకుండానే పని చేస్తుంది, చేసినదానిని వెనక్కు తీసుకునే కమాండ్ లేదు. మన ప్రోగ్రాములో మొదటిది ఉండనే కూడదు, రెండోది తప్పక ఉండాలి. ఇంకొక సంగతి: ఫైలు మొత్తాన్ని ప్రతిసారీ తిరిగి రాసే పద్ధతి కనుక, ఇద్దరు రెండు కంప్యూటర్ల మీద ఒకే ఫైలును తెరిస్తే వెనుక రాసినవారిది ముందు రాసినవారిదాన్ని మింగేస్తుంది. నలుగురు కలిసి పనిచేసే కార్యాలయం ఈ పద్ధతి జోలికి పోవద్దు; వారికి సర్వరు మీద నడిచే వేరే ఏర్పాటు కావాలి.

ఆ ఫైలు మామూలు అక్షరాలలో ఉంటుంది, ఎవరు తెరిచినా చదవవచ్చు. కాబట్టి గిరాకీల ఆధార్, పాన్ నంబర్లు అందులో రాయకండి. బేరం కుదరడానికి అవి అక్కరలేదు, రిజిస్ట్రేషన్ నాడు కాగితాలలో ఎలాగూ ఉంటాయి. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఒకరు తమ నంబరు తీసేయమని కోరితే తీసేయగలగాలి. మనిషిని తొలగించినప్పుడు ఆయన కోరికలు, చూపించిన వివరాలు ఏం కావాలన్నది విద్యార్థులు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. పేరు, నంబరు చెరిపి, లావాదేవీ వరుసను మాత్రం లెక్కల కోసం ఉంచడం నాకు సబబుగా తోస్తుంది.

ఇది ఎవరికి పనికిరాదో కూడా చెబుతానన్నాను. రోజంతా బండి మీద తిరుగుతూ, బేరాలన్నీ ఫోనులోనూ వాట్సాప్‌లోనూ నడిపేవారికి డెస్క్‌టాప్ ప్రోగ్రాము బరువే. సాయంత్రం కూర్చుని ఆనాటి విషయాలు ఎక్కించే అలవాటు ఉన్నవారికి, లేదా కార్యాలయంలో కూర్చుని ఫోనులు అందుకునే మనిషి ఉన్నవారికి ఇది అక్కరకు వస్తుంది. చేతిలో పది ఆస్తులు మాత్రమే ఉన్నవారికి నోటుపుస్తకం చాలు.

చివరగా, సభ మొదలయ్యే ముందు ఒక మధ్యవర్తి మిత్రులు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. ఏళ్ళ తరబడి ఎక్సెల్ షీటులో రాసుకున్నదంతా మళ్ళీ టైపు చేయాలా అని వారి సందేహం. అక్కరలేదు. కమాండ్ అన్నది మామూలు అక్షరాల వరుస కనుక, ఎక్సెల్‌లోనే ఒక కొత్త నిలువు గడి తీసుకుని, పక్క గడులలోని పేరు, ఊరు, ధర ముందు ఆయా గుర్తులు చేర్చి కలిపే సూత్రం రాస్తే, ప్రతి అడ్డు వరుసా ఒక కమాండ్ అవుతుంది. దానిని పైనుంచి కిందకు లాగితే మొత్తం షీటు కమాండ్లుగా మారిపోతుంది. ఆ వరుసలను ఒక ఫైలులో పెట్టి "ఫైలునుంచి" అనే కమాండుతో ఒకేసారి ఎక్కించే ఏర్పాటు ప్రోగ్రాములో ఉండాలి. ఏబీ-3లో అది లేదు, విద్యార్థులు చేర్చాలి. చేర్చేటప్పుడు ఒక వరుసలో తప్పు ఉంటే పని మొత్తం ఆపవద్దు. తప్పిన వరుసలను, ప్రతిదాని పక్కనా కారణాన్ని రాసి, వేరే ఫైలులో ఇవ్వండి. ఫోను నంబరు లేనివి, ధర దగ్గర "మాట్లాడుకోవచ్చు" అని రాసినవి, విస్తీర్ణంలో కొలత పేరు లేనివి అందులో చాలానే తేలతాయి. ఆ ఫైలు మధ్యవర్తిగారి ముందు పెట్టి, ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి. ఇప్పుడు మిగిలిన ప్రశ్నలు తీసుకుంటాను.